ప్లాను మేష్టారి గోడ

పాలకే కదమ్మా వెళ్ళావు? ఈ మెట్టు మీద కాసేపు కూర్చో, ఆయాసం తగ్గాక పోదువుగాని. పాలబూత్ ఆ గోడకి అవతలే. ఆ బూత్ వాడి రేడియో మన వంటింట్లోకి వినిపిస్తుంది, పాలు తేవాలంటే మాత్రం మెయిన్ రోడ్డూ గోడౌన్లూ పార్కూ అన్నీ దర్శించుకుని రావాలి. కొత్తగా అద్దెకొచ్చిన వాళ్ళందరూ మొదట్లో నీలాగే తిట్టుకుంటారు. ఇదంతా మా ప్లాను మేష్టారి పుణ్యం.

మేష్టారంటే బడి మేష్టారు కాదులే. మునిసిపల్ ఆఫీసులో ప్లాన్లు గీసేవాడు. ఈ కాలనీ ఆయన చేతి గీతే. అసలైతే మన వీధులన్నీ నేరుగా పోయి మిల్లు పనివాళ్ళ లైను ఇళ్ళల్లో కలవాలి. మనవాళ్ళకి నిద్ర పట్టలా. వాళ్ళంటే మనకెంత ప్రేమనుకున్నావ్, దూరంగా ఉన్నంతసేపూ. మేష్టారు కళ్ళజోడు పైకి తోసుకుని, "ఎవర్నీ రావద్దనకండి, బావుండదు. దారి లేకుండా చేస్తే సరి. మనిషిని ఆపితే తగువొస్తుంది, వీధిని ఆపితే ఎవడూ అడగడు" అన్నాడు. అన్నట్టే వీధులన్నీ వంకర తిప్పి, చివర్న గోడ కట్టించి, పక్కన గోడౌన్లకి స్థలమిచ్చి, మిగిలిన ముక్కలో పార్కు పెట్టి దానికి తాళం వేయించాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

ఆయనకి ఒక్కతే కూతురు. ఆ పిల్ల పోయి పోయి ఆ లైను ఇళ్ళ అబ్బాయినే చేసుకుంది. మిల్లులో ఫిట్టరు, బంగారంలాంటి కుర్రాడు. కాపురం ఎక్కడనుకున్నావ్? సరిగ్గా ఈ గోడకి అవతల. "నాకు కూతురే లేదు" అన్నాడు మేష్టారు. అన్నాడు గానీ, ఆ పిల్లకి బిడ్డ పుట్టాక రోజూ స్టూలు పట్టుకుని గోడ దగ్గరికి పోయేవాడు. ఏంటండీ అంటే "పగుళ్ళు చూస్తున్నా" అనేవాడు. పగుళ్ళు చూసేవాడు గోడ మీంచి బిస్కెట్లు అందిస్తాడా అమ్మా? మా ఆవిడైతే పొట్ట పట్టుకుని నవ్వేది.

ఆనక మోకాళ్ళు పట్టేశాయి. స్టూలెక్కలేడు, చుట్టూ నడవలేడు. కమిటీ మీటింగులో లేచి, చిన్న తలుపు పెట్టుకుందామండీ, అన్నాడు, నేలచూపులు చూస్తూ. మా ప్రెసిడెంటుగారు మహా మర్యాదస్తుడు. "మేష్టారూ, మీరు నేర్పిందే కదండీ. తలుపు పెడితే అది వీధైపోతుంది" అన్నాడు. పాపం, మోకాళ్ళు పట్టుకుని కూర్చున్నాడు.

ఆ తర్వాత గోడ దగ్గర కుర్చీ వేసుకునేవాడు. ఇవతల ఆయన, అవతల ఆ పిల్ల, మొహాలు కనిపించకుండానే కబుర్లు. ఒకరోజు పొద్దున మాటల మధ్యలో పక్కకి ఒరిగిపోయాడు. నేనే పట్టుకున్నా. గోడ మీద చెయ్యి వేసి, "అమ్మాయ్, రావే" అన్నాడు. "వస్తున్నా నాన్నా" అంది, ఇంత దగ్గర్నుంచి. చెప్పులైనా లేకుండా పరుగెత్తింది. పార్కు చుట్టూ, గోడౌన్ల చుట్టూ, మెయిన్ రోడ్డు మీదుగా... మన వీధి మలుపు తిరిగేసరికి, గోడ మీంచి ఆయన చెయ్యి జారిపోయింది.

ఆ పాలు లోపల పెట్టుకోమ్మా. ఎండకి విరిగిపోతాయి.