ముందు ఫోన్ పెట్టేయండి

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ఛైర్మన్ గారికి, వేదిక మీదున్న పెద్దలకు, ఎప్పుడో రిటైరై కూడా ఇవాళ అవే మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చిన సీనియర్లకు, మూడో అంతస్తు మిత్రులకు, ముందు వరసలో కూర్చున్న అక్కయ్య నాన్నగారికి, ఆయన పక్కన కుర్చీ వెతికి మరీ పట్టుకుని అప్పుడే ఆయన చెవిలో నా గురించి ఏదో చెబుతున్న మా అత్తయ్యగారికి (నవ్వులు), అందరికీ నమస్కారం.

నన్ను మాట్లాడమన్నది ఇవాళ రిటైరవుతున్న అక్కయ్యే, ఆఫీసంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తుంది. నాకు వేదికలు అలవాటు లేదని, రాసుకున్న కాగితం సగం దాకా వచ్చేసరికి ఇదంతా నిజమేనా అని నాకే అనుమానం వస్తుందని చెప్పి చూశాను. "ఈ ఆఫీసులో నాతో ఎక్కువ పోట్లాడింది నువ్వే. నా గురించి నీకు తెలిసినంత ఎవరికి తెలుసు?" అన్నారు. ఒప్పుకున్నాను. ఆవిడతో పోట్లాటల్లో నేను నెగ్గినవి తక్కువే.

మీలో సగంమంది పూలగుచ్ఛాలు ఇవ్వడానికి వచ్చారని, మిగతా సగం ఆవిడ తన గొంతు బ్యాంకుకి ఇస్తున్నారా లేదా తెలుసుకుందామని వచ్చారని నాకు తెలుసు. (నవ్వులు) నిన్న మధ్యాహ్నం టీ దగ్గర ఆ ఆఖరి జవాబు నాకు చెప్పారు, వేదిక మీద నన్నే చెప్పమన్నారు కూడా. చెబుతాను. కాకపోతే బయటినుంచి వచ్చినవాళ్లకు ఈ గొంతు గొడవేంటో అర్థం కావాలి కాబట్టి కాస్త వెనక నుంచి మొదలుపెడతాను.

మూడో అంతస్తులో లిఫ్టు పక్కన, కిటికీ సరిగ్గా మూసుకోని ఒక గది ఉంది. ఎవరైనా తన ఖాతాలోంచి ఎప్పుడూ పంపనంత డబ్బు, ఎప్పుడూ పంపని మనిషికి, కంగారుగా పంపబోతే మా సాఫ్ట్‌వేర్ దాన్ని కాసేపు ఆపుతుంది. ఆపిన వెంటనే ఆ గదిలోంచి ఒకరు ఫోన్ చేసి, ఇది మీరు ఇష్టపడే పంపుతున్నారా అని అడగాలి. ఆపే సాఫ్ట్‌వేర్ నా విభాగం, అడిగే గది అక్కయ్యది. ఒకప్పుడు దొంగ అనేవాడు మన కంప్యూటర్ల తాళాలు పగలగొట్టడానికి చూసేవాడు. ఇప్పుడు వాడికంత శ్రమ లేదు, ఇంటివాళ్లకు ఫోన్ చేసి, భయపెట్టో బుజ్జగించో, వాళ్ల వేలితోనే నొక్కిస్తున్నాడు. పాస్‌వర్డ్ సరైనదే, ఓటీపీ సరైనదే, ఫోన్ వాళ్లదే, వేలూ వాళ్లదే. ఇక మా సాఫ్ట్‌వేర్ మాత్రం ఏం పట్టుకుంటుంది? ఏదో తేడాగా ఉందని గొణుగుతుంది, అంతే. ఆ గొణుగుడు విని మనిషితో మాట్లాడాల్సింది మనిషే.

ఆ మాట్లాడడం ఎంత కష్టమో మా అత్తయ్యగారి వల్ల తెలిసింది. అత్తయ్యా, చెప్పనా? చెప్పమంటున్నారు. (నవ్వులు) ఒకరోజు మా మావయ్యగారి ఫోన్‌కి ఎవరో పెద్దమనిషి ఫోన్ చేసి, మీ ఖాతా దొంగల చేతిలో పడబోతోంది, డబ్బంతా మేం చెప్పే భద్రమైన ఖాతాలోకి మార్చేయండి, అప్పటిదాకా లైన్ కట్ చేయొద్దు, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు అన్నాడు. మావయ్యగారు ఫోన్ ఇంట్లోనే వదిలి బయటికి వెళ్లారు, ఎత్తింది అత్తయ్య. అత్తయ్య ఒక చెవికి ఆయన ఫోన్ పెట్టుకుని, తన ఫోన్లోంచి డబ్బు పంపేస్తున్నారు. మా సాఫ్ట్‌వేర్ ఆపింది. అత్తయ్య ఫోన్ మోగింది. అవతల అక్కయ్య.

మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? మేం బ్యాంకు నుంచండీ, మమ్మల్ని నమ్మండి అంటారు. దొంగ కూడా అచ్చం అదే అంటాడు. మా అత్తయ్య సంగతి మీకు తెలీదు. "మా కోడలు మీ బ్యాంకులోనే పనిచేస్తుంది. బ్యాంకు నుంచి ఫోనొస్తే నమ్మొద్దని రోజూ అన్నం దగ్గర కూర్చోబెట్టి మరీ చెబుతుంది. నిన్నెలా నమ్మమంటావు?" అని నిలదీశారు. అంటే, ఇన్నాళ్లూ మేం ఖాతాదారులకు నేర్పిన పాఠం మా గదికే అడ్డం తిరిగిందన్నమాట.

అక్కయ్య ఇలా అన్నారట: "నమ్మకండి. నన్ను అసలు నమ్మకండి. ముందు ఫోన్ పెట్టేయండి. మీ కార్డు వెనకాల ఒక నంబరు ఉంటుంది, దానికి మీ అంతట మీరే చేయండి."

అప్పుడు మా అత్తయ్యకు బుర్ర వెలిగింది. ఒక చెవిలో ఉన్నాయనేమో ఇందాకట్నుంచీ పెట్టేయొద్దంటున్నాడు, రెండో చెవిలో ఉన్నావిడేమో పెట్టేయమంటోంది. వీళ్లిద్దరిలో నన్ను పోగొట్టుకోడానికి భయపడుతున్నది ఎవరు? రెండు ఫోన్లూ పెట్టేశారు. కార్డు వెతుక్కుని, కళ్లజోడు వెతుక్కుని, తనే చేశారు. ఎత్తింది మళ్లీ అక్కయ్యే. "మళ్లీ నువ్వేనా?" అన్నారట మా అత్తయ్య. (నవ్వులు) ఇదంతా నాకు చాలా రోజుల తర్వాత భోజనాల దగ్గర అత్తయ్యే చెప్పారు, ఆ గరగర గొంతావిడ ఎవరే అని. అక్కయ్యకు మాత్రం ఆ రోజే తెలుసట, ఆవిడ మా అత్తయ్యని. ఎందుకు చెప్పలేదండీ అంటే, ఖాతాదారు సంగతి కోడలికి ఎలా చెబుతాను అన్నారు.

అప్పట్నుంచి కాదు, అంతకుముందు నుంచే ఆ గదిలో అది ఆచారం. అక్కడ కొత్తగా చేరిన ఏ అమ్మాయికైనా అక్కయ్య మొదట నేర్పేది ఆ ఒక్క వాక్యమే. మా పోట్లాటలకు మూలం కూడా అదే. గోడ మీద నేను పెట్టించిన స్క్రీన్ ఒకటి ఉంది, ఏ గదిలో ఎన్ని కాల్స్ తేలాయి, ఎన్ని మధ్యలో తెగాయి అని చూపిస్తుంది. ఖాతాదారుణ్ణి ఫోన్ పెట్టేయమంటే ఆ కాల్ మధ్యలో తెగినట్టే లెక్క. అందుకని ఆ గది ఎప్పుడూ ఎర్రగానే ఉండేది. పై అధికారులు నన్నడిగేవారు, నేను అక్కయ్యను అడిగేదాన్ని, ఆవిడ ఆ స్క్రీన్ కేసి చూసి, "ఎరుపు నాకు నప్పుతుందమ్మా" అనేవారు. (నవ్వులు) ఇప్పటికీ నా వాదన నాది. లెక్క చూపించకపోతే ఆ గదికి మనుషుల్ని అడగడానికి నా దగ్గర ఏముంటుంది? ఆవిడ వాదన ఆవిడది. మేమిద్దరం ఏనాడూ రాజీ పడలేదు, టీ మాత్రం కలిసే తాగాం.

అన్నిసార్లూ ఆవిడే రైటని కూడా నేను చెప్పను, చెబితే ఆవిడే ఊరుకోరు. పాత లారీ ఒకటి బేరమాడుకున్నాయన అమ్మేవాడి ఎదుటే నిలబడి డబ్బు పంపబోతే మేం ఆపాం. అక్కయ్య ఫోన్ చేశారు, పెట్టేయమన్నారు, ఆయన తిరిగి చేసేసరికి లైన్లు ఖాళీ లేవు. ఈలోగా వెనకున్న ఇంకో బేరగాడు చేతిలో నోట్లు పెట్టి లారీ తోలుకుపోయాడు. ఆయన మా గదికి వచ్చి, నా డబ్బు నేను పంపుకోడానికి మీ అనుమతి ఏంటని అరిచారు. అక్కయ్య లేచి నిలబడి మొత్తం విన్నారు, తప్పు జరిగిందన్నారు. ఆయన ఖాతా మూసేసుకుని వెళ్లిపోయారు, మళ్లీ రాలేదు. ఆయన ముఖం నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. నా ఉద్యోగంలో మొదటి సగమంతా డబ్బు రెప్పపాటులో చేరాలని కష్టపడ్డాను, రెండో సగమంతా ఆ రెప్పపాటుని ఎలా ఆపాలా అని కష్టపడుతున్నాను. రోడ్డు నున్నగా వేసినదాన్నీ నేనే, దాని మీద గతుకులు పేర్చేదాన్నీ నేనే. ఏది మేలో, ఎవరికి మేలో, నిజంగా నాకు తెలీదు. తెలుసన్నవాళ్ల పక్కన కూర్చోవాలంటే కాస్త భయం కూడా.

ఇక గొంతు సంగతి.

ఆపాల్సిన పేమెంట్లు పెరిగిపోయాయి, గదిలో మనుషులు పెరగలేదు. అక్కయ్య ఒకరితో మాట్లాడుతుంటే ఇంకొందరు వరసలో ఉంటారు, ఆ వరసలో ఉన్నవాళ్లతో దొంగ ఈలోగా మాట్లాడుతూనే ఉంటాడు. అందుకని ఒకేసారి ఎంతమందికైనా ఫోన్ చేయగల యంత్రాన్ని పెడదామని ప్రతిపాదన రాశాను. దానికి గొంతు కావాలి. ఆ గరగర గొంతు ఖాతాదారులకు తెలుసు, బ్రాంచికి వచ్చి ఆ గొంతావిడ బాగున్నారా అని అడిగినవాళ్లు ఉన్నారు. ఆవిడ రిటైరైనా గొంతు మాతోనే ఉంటుందని రాసింది నేనే. మంచి ఆలోచన అన్నారు ఛైర్మన్ గారు. అక్కయ్య కూడా సరదాపడ్డారు. "ఇంట్లో కూర్చుని జీతం లేకుండా పనిచేయిస్తారా?" అంటూనే రికార్డింగు గాజు గదిలో కూర్చుని ఇచ్చిన వాక్యాలన్నీ చదివారు. తర్వాత మా విభాగం పిల్లలు యంత్రంతో ఆవిడ గొంతులో ఆవిడ ఎన్నడూ అనని మాటలు పలికించి వినిపించారు. ఆవిడ పడీపడీ నవ్వి, నాన్నగారికి వినిపిస్తానని తన ఫోన్లో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లారు.

అక్కయ్య నాన్నగారికి చూపు పోయి చాలా ఏళ్లయింది. పెద్దాయన ఏమీ అనుకోనంటే ఈ మాట చెబుతాను. (ముందు వరస కేసి చూసి) సరేనన్నారు. రోజూ మధ్యాహ్నం అక్కయ్య మా గదిలోంచి ఇంటికి ఫోన్ చేసి "నాన్నా, నేనే" అంటారు. అంతే, ఇంకేం చెప్పక్కర్లేదు. మందు వేసుకోమంటే వేసుకుంటారు, గ్యాసు బండ తెచ్చినతనికి తలుపు తీయమంటే తీస్తారు.

ఆ రోజు ఇంటికెళ్లి, వంటింట్లో నిలబడి, ఫోన్ బల్ల మీద పెట్టి ఆ యంత్రం గొంతు వినిపించారు. అందులో మా పిల్లలు పెట్టిన మాట, ఒక్కసారి ఇలా రండి అని. నాన్నగారు పక్కగదిలో ఉన్నారు. "వస్తున్నానమ్మా" అని లేచి, గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. ఆయన మళ్లీ అడిగారట, ఏంటమ్మా పిలిచావు అని.

మర్నాడు నా బల్ల దగ్గరికి వచ్చి, గొంతు ఇస్తున్నట్టు రాసిన ఒప్పుకోలు కాగితం సంతకం చేయకుండా పెట్టారు. నేను నా అలవాటు ప్రకారం వాదించాను. గొంతుకి పక్కాగా కాపలా ఉంటుందన్నాను, బయటికి పొక్కదన్నాను. ఆవిడ ఏమన్నారో అలాగే చెబుతాను:

"ఆయనకి కళ్లు లేవు, నా గొంతే ఉంది. నువ్వు దాన్ని ఊరంతటికీ ఫోన్ చేయిస్తావు. అందులో ఎవడో ఒకడు దాన్ని పట్టుకుని మా ఇంటికి చేస్తాడు. అప్పుడు నేను మా నాన్నకి ఫోన్ చేసి ఏమని చెప్పాలి? నన్ను నమ్మకండి నాన్నా అనా?"

కాపలా గురించి నేను చెప్పింది అబద్ధం కాదు, కానీ మా నాన్న గొంతు విషయంలో అదే కాపలా చాలని నేను సంతకం పెడతానా అని రాత్రి అనుకున్నాను. పెట్టను.

కాబట్టి జవాబు: ఇవ్వట్లేదు. (చప్పట్లు) చప్పట్లు కొట్టకండి, ఇంకా ఉంది.

గొంతు ఇవ్వను గానీ ఆ వాక్యం తీసుకోండి అన్నారు అక్కయ్య. ఏ గొంతుతోనైనా చెప్పించుకోండి, యంత్రమే చేయనీ, ఎంతమందికైనా చేయనీ. కానీ అది డబ్బు గురించి ఒక్క ప్రశ్న అడగకూడదు, ఏ బటనూ నొక్కమనకూడదు. నన్ను నమ్మకండి, ముందు ఫోన్ పెట్టేయండి, మీరే తిరిగి చేయండి అని మాత్రం చెప్పాలి. వాళ్లు తిరిగి చేసినప్పుడు మాత్రం ఎత్తేది మనిషి కావాలి. ఆ గది ఉండాలి, అందులో ఇప్పుడున్న ఇద్దరమ్మాయిలూ ఉండాలి, లారీ ఆయనకు దొరకని ఖాళీ లైను ఉండాలి. అంటే ఇంకొంతమంది కావాలి. పాత ప్రతిపాదన ఇవాళ పొద్దున వెనక్కి తీసుకుని ఇది రాసి ఛైర్మన్ గారి బల్ల మీద పెట్టాను. ఆలోచిద్దాం అన్నారు. సార్, మర్యాద కాదని తెలిసే ఇంతమంది ముందు అడుగుతున్నాను, ఆ గది ఉంటుందాండీ?

తలూపారు. సార్, అది అవుననా, మెడ పట్టేసిందా? (నవ్వులు) కాస్త మైకు అటు ఇవ్వండి... "ఉంటుంది" అంటున్నారు. అందరూ విన్నారు. (చప్పట్లు) చాలా కృతజ్ఞతలు సార్. అయితే అక్కయ్య దగ్గర పని నేర్చుకున్నదాన్ని కాబట్టి, మీరు చెప్పారని నమ్మేయకుండా రేపు పొద్దున మీ ఆఫీసు నంబరుకి నేనే చేసి మళ్లీ ఒకసారి అడుగుతాను. (నవ్వులు)

ఇంత ఓపిగ్గా విన్న పెద్దలకు, హాలు సర్దిన మూడో అంతస్తు పిల్లలకు, తన కథ చెప్పనిచ్చిన మా అత్తయ్యకు, మధ్యాహ్నాలు తన అమ్మాయిని మాకు అరువిచ్చిన నాన్నగారికి కృతజ్ఞతలు. నాన్నగారూ, రేపట్నుంచి ఆ గొంతు ఫోన్లోంచి రాదు, పక్కగదిలోంచే వస్తుంది. పిలిస్తే అనుమానం లేకుండా లేచి వెళ్లండి.

అక్కయ్యా, ఆ స్క్రీన్ మీద మీ గది ఇవాళ కూడా ఎర్రగానే ఉంది, వచ్చేటప్పుడు చూశాను. ఆ లెక్క మార్చాలో, గదిని అలా ఎర్రగానే వదిలేయాలో ఇంకా తేల్చుకోలేదు. మీరు లేకుండా పోట్లాడడం ఎలాగో కూడా తెలీదు. అక్కడ ఫోన్ ఇంకా మోగుతూనే ఉంటుంది, మీ చెవి అటే ఉంటుందనీ తెలుసు. ఇక మీరు ముందు ఫోన్ పెట్టేయండి. తిరిగి చేసేది ఈసారి మేం.

సెలవు.