చట్రం విప్పిన చెయ్యి

జహీరాబాద్ బజారు, 1946 వానాకాలం. పొద్దున్నే తెరిచిన సైకిల్ దుకాణం. దుకాణదారు గురులింగప్ప. ఝరాసంగం దిక్కు పల్లె నుంచి నడిచి వచ్చిన బస్వమ్మ.

"ఇవి గావు సేఠ్. కొత్తయి నాకొద్దు. వాడినయి చూపియ్యి."

"వాడినయి ఏం జేస్కుంటవమ్మా? కుట్లు ఊడుతయి. ఇది చూడు, మిలిటరీ గుడ్డ. జంగు అయిపోయినంక అమ్మకానికి పెడితే తెచ్చిన. నీ మనమని దాంక ఆగుతయి."

"మనమడు ఇంక పుట్టలే. తోలు సంచులు కావాలె. సైకిల్‌కు వెనుక రెండు దిక్కుల ఏలాడేటియి."

"సైకిల్ ఎంత ఎత్తుది? ఇరవై రెండా, ఇరవై నాలుగా?"

"నాకేమెరుక. పెద్దదే."

"సైకిల్ తోలుకొస్తే పెట్టి చూద్దుము. నువ్వేమో నడిచొచ్చినవు. మోకాళ్ల దాంక బురద."

"వానకు తొవ్వ బాగలేదు. అగో, ఆ మూలకు, ట్యూబుల కింద ఉన్నయే, అవి తియ్యి."

"అవి అమ్మేటియి గావు."

"ఎందుకు?"

"ఒకలు అడిగి పెట్టిన్రు."

"ఎవలు?"

"ఉన్నరు ఒకలు. నీకెందుకమ్మా?"

"జర తియ్యి సేఠ్. ముట్టుకుంటే అరుగుతయా? ఒక సంచి మూతకు తెల్లదారం ఉంటది. రెండోదానికి నల్లదారం. తెల్లది సగంల అయిపోయింది."

"నువ్వింక చూడనే లేదు గద."

"నేనే కుట్టిన. వాటితోని ఇనుప చట్రం గూడ ఉండాలె. సంచి పోయి చక్రంల పడకుంట ఆపేది. కోహీర్ కమ్మరాయన చేసిండు. కుడిదిక్కు కడ్డీ జర వంకర. సంచులల్ల సామాను ఎక్కువైనప్పుడు వంగింది."

"నువ్వెవరమ్మా?"

"మల్లప్ప పెండ్లాన్ని."

"ఏ మల్లప్ప?"

"సాయన్నను చంపిండని పోలీసు అమీన్ సాబ్ పట్టుకపోయిన మల్లప్ప."

"లే. లేచి బయటికి నడువు. దుకాణం బందు."

"ఇప్పుడే తీస్తివి గద సేఠ్."

"నా దుకాణం. నా ఇష్టం. తీస్త, మూస్త."

"తలుపులు వేస్కో. నేను మెట్ల మీద కూసుంట. వచ్చేటోల్లు పోయేటోల్లు అడుగుతరు, ఎందుకు కూసున్నవని. చెప్త."

"బెదిరిస్తున్నవా?"

"ఏం పెట్టుకొని బెదిరియ్యాలె? కోహీర్ల చూసిన. బీదర్ల ఏడు దుకాణాలు తిరిగిన. ఒకడు నీల్లు గూడ ఇయ్యలే. పన్నెండొద్దులాయె సేఠ్. రేపు అదాలతుల పేషీ."

"అయితే వకీలు తానకు పో. నా తానకెందుకు?"

"వకీలే చెప్పిండు. సాయన్న సంచులు, చట్రం ఎవడో అమ్ముకొని ఉంటడు, సంచులు దొరికితే అమ్మినోడు దొరుకుతడు, అప్పుడు నీ మొగడు బయటవడతడు అన్నడు. లేకుంటే ఉరి అన్నడు. గంతే సక్కగ చెప్పిండు, రాగులు కొలిచినట్టు."

"నీ మొగడేమంటున్నడు?"

"ఏమంటలేడు."

"ఏమంటలేడు అంటే?"

"చంపిన అంటలేడు. చంపలే అంటలేడు. అమీన్ సాబ్ గోళ్లు ఊడేటట్టు కొట్టిండు. అప్పుడు గూడ అనలే. నేను పోతే, రొట్టె తిన్నవా అని నన్నడిగిండు. సంచుల కోసం దేవులాడుతున్న అంటె మొకం అటు తిప్పుకున్నడు. ఇంటికాడ పడుండు, ఊర్లు తిరగకు అన్నడు."

"సాయన్నకు, ఆయనకు పంచాది ఉండెనట గద. బజార్ల అనుకున్నరు."

"ఇద్దరిది ఒక్క యాపారం. బెల్లం, పొగాకు, ఎండు మిరపకాయ ఊర్లల్ల తిప్పుతరు. సాయన్న సైకిల్ మీద, మా ఆయన ఎద్దు మీద. పంచాది ఉండకుంట ఉంటదా? మీ అన్నదమ్ములకు లేదా?"

"నా అన్నదమ్ముల ముచ్చట ఇడువు. రక్తం దొరికింది అన్నరు, ధోతికి."

"దొరకదా? సోమారం తెల్లారి నారింజ వాగు కాడ సాయన్నను చూసింది ఆయనే. ఎత్తుకొని ఒడ్డుకు తెచ్చింది ఆయనే. తల వెనుక రాయి దెబ్బ. ఎత్తినోని ధోతికి రక్తం కాక సున్నం అంటుతదా? పగటియాల్లకే పట్టుకపోయిన్రు."

"సైకిల్?"

"బుధారం నాడు పాడువడ్డ బాయిల దొరికింది. బోడి సైకిల్. సంచులు లేవు, చట్రం లేదు. మల్లప్పనే తీసి దాచి, సైకిల్ బాయిల ఏసిండు అని రాసుకున్నరు. చెప్పు సేఠ్. నీకు ఎవలు అమ్మిన్రు?"

"చెప్తే ఏమైతది, ఎరుకేనా? చచ్చినోని సామాను కొన్నవని అమీన్ సాబ్ ముందుగాల నన్ను ఏస్తడు లోపల. ఆడివిల్లలు ముగ్గురున్నరు నాకు."

"నాకొక్కడే కొడుకు. రేవణ్ణ. పంతొమ్మిది దాటినయి. కూలికి పోయి తెస్తె ఇద్దరం తింటున్నం. ఊర్ల ఆనితోని ఎవడు మాట్లాడతలేడు. బాయి కాడ నీల్లు చేదనిస్తలేరు. ఖూనీకోరు కొడుకు అంటున్నరు."

"నేను దొంగ సామాను కొన్న అని ఎవడు గూడ అనద్దు. గది చెప్త నీకు. పదేండ్లు ఈ దుకాణం పెట్టి."

"నేనెక్కడన్న?"

"నువ్వు అనలే. రేపు అదాలతుల అంటరు. విను. ఎవడు పాత సామాను తెచ్చినా నేను ముట్టను. పానా వాని చేతికిస్త. నువ్వే ఇప్పు అంట. దొంగోడైతే నట్టు ఏడున్నదో దేవులాడుతడు. సొంతగాడైతే చూడకుంటనే చెయ్యి పోతది. ఇప్పిస్త, చూస్త, అప్పుడు కొంట. ఎన్నడు తప్పుపోలే."

"మరి వీడు?"

"ఆ చట్రానికి రెండు నట్లు మీదికే కనవడ్డయి. మూడోది నాకే కనవడలే. వాడు నా మొకం చూసుకుంట, సీటు కింద లోపటికి చెయ్యి పెట్టి సర్రున తిప్పిండు. అప్పుడు అనుకున్న, ఇది వీని సైకిలే అని."

"ధోతి తట్టుకుంటదని ఆ నట్టు లోపటికి పెట్టిన్రు సేఠ్. మా వాకిట్లనే బిగించిన్రు. అది బయటోనికి దొరకది."

"అగో. అందుకే కొన్న. నా తప్పేంది?"

"వచ్చినోడు సైకిల్ మీదనే వచ్చిండా?"

"సైకిల్ మీదనే. అది గూడ అమ్ముతవా అన్న. అమ్మను అన్నడు."

"ఏ దినం?"

"మంగళారం. పొద్దు ఎక్కినంక."

"మంగళారం? మంచిగ యాది చేస్కో సేఠ్. సోమారం గాదు గద?"

"సోమారం మా వదిన వాళ్లింట్ల పెండ్లి, దుకాణమే తీయలే. మంగళారమే."

"మంగళారం మా ఆయన ఠాణాల ఉన్నడు. సోమారం పగటాల్ల సంది గొలుసు ఏసే ఉన్నది కాళ్లకు. సైకిల్ మంగళారం నీ దుకాణం ముందర ఉండె. అయితే మా ఆయన గాదు. సేఠ్, మా ఆయన గాదు."

"గాదు. అట్ల చూస్తే గాదు."

"ఒక్క ముక్క చెప్పు అదాలతుల. మంగళారం సైకిల్ చూసిన అని. గంతే. నీ కాళ్లు మొక్కుత."

"లే, లే. కాళ్లెందుకు పట్టుకుంటవు. ఆలోచన చెయ్యనియ్యి. నేను దొంగ సామాను కొనలే అని అంతకు ముందు రాసుకుంటరా?"

"రాయిస్త. వకీలు తోని రాయిస్త. నట్టు ముచ్చట చెప్పు, నిన్ను ఎవడంటడు? వాడు ఎట్లుంటడో చెప్పు. ముసలోడా?"

"ముసలోడు గాదు. పిలగాడే. మీసం గిప్పుడే వస్తున్నది."

"నల్లగున్నడా?"

"మనందరి లెక్కనే. బక్కగ. ఎక్కువ మాట్లాడలే. ఎడమ చెంప వాచి ఉండె. ఐదు వేళ్ల గుర్తులు కనవడుతున్నయి, ఎవడో బలంగ కొట్టిండు. అడిగితే సైకిల్ మీదికెల్లి పడ్డ అన్నడు. పడ్డోని చెంప మీద వేళ్ల గుర్తులెందుకుంటయి? నవ్వొచ్చింది నాకు."

"పేరు చెప్పిండా?"

"నేనడగలే. పైసలు ఇయ్యబోతే సగమే తీసుకున్నడు. మిగిలినదానికి అగో, అక్కడ ఏలాడుతున్నయి చూడు కందిళ్లు, అండ్ల ఒకటి కావాలె అన్నడు. పాతది ఇచ్చిన. ఇంట్ల చీకటి, మా అవ్వకు కండ్లు సరిగ ఆనుతలేవు, చెయ్యి కాల్చుకుంటున్నది అన్నడు. దొంగోడు గట్ల మాట్లాడతడా, చెప్పు? నేను గూడ కరిగిన. ఒత్తి ఊకెనే ఇచ్చిన."

"అడుగున తగరపు రేకు అతుకు ఉన్నదా దానికి?"

"ఉండె. నేనే ఏయించిన. నీకెట్లెరుక?"

"పాతయి అన్నిటికుంటది."

"అన్నిటికెందుకుంటది?"

"జర నీల్లియ్యి సేఠ్."

"కుండల ఉన్నయి, ముంచుకో. ఏమైంది? పొద్దటి సంది ఏమన్న తిన్నవా?"

"తిన్న. వాడు ఎటు పోయిండు?"

"బీదర్ తొవ్వ పట్టిండు. ఇగ విను, నాకొకటి తట్టుతున్నది. ఆ నట్టు మీ వాకిట్ల బిగించిన్రు అన్నవు గద. బిగించేటప్పుడు ఎవలెవలు ఉన్నరు?"

"సాయన్న. మా ఆయన."

"ఇద్దరేనా? చట్రం ఒకడు పట్టాలె, సంచి ఒకడు ఎత్తాలె, పానా ఒకడు తిప్పాలె. ముగ్గురుండాలె."

"సంచి నేను ఎత్తిన."

"సీటు కింద లోపటికి చెయ్యి పట్టది, నీ మొగనిది పెద్ద చెయ్యైతే. ఎవడో బక్క చెయ్యోడు తిప్పి ఉంటడు. యాది చెయ్యి. పక్కింటోడు గాని, సాయన్న తమ్ముడు గాని."

"ఎవలు లేరు. పొద్దుగూకింది. మేమే."

"ఉన్నడు. నువ్వు మరిచినవు. వాడే వీడు. సాయన్న ఆన్ని ఏదో అన్నడు, చెంప మీద కొట్టిండు, ఆడు రాయి అందుకున్నడు. నాకు కండ్లముందర కనవడుతున్నది. ఖూనీ చెయ్యాలని చేసినట్టు లేదు, పిలగాడు. గాని అదాలతు అట్ల చూడది."

"ఏం చేస్తది?"

"ఏం చేస్తది, నీ మొగనికి ఏమన్నడు వకీలు? గదే."

"పంతొమ్మిదేండ్లోనికి గూడనా?"

"మీసం వచ్చినంక ఒక్కటే లెక్క. చూడమ్మా, ఇన్నొద్దులు భయపడ్డ. ఆ సాయన్న ముచ్చట విన్న దినమే సంచులు ట్యూబుల కింద దాచిన. రాత్రి నిద్ర పడతలేదు. నీ మొగన్ని చూస్తె, ఒక అయ్యను ఉరికంబం దాంక పంపుతున్న నోరు మూసుకొని. రేపు వస్త. సంచులు తెస్త, చట్రం తెస్త. ఆ పిలగాన్ని వెయ్యిమందిల నిలవెట్టినా గుర్తుపడత. అమీన్ సాబ్‌కు ఇయ్యాలనే చెప్త, ఊర్లు దేవులాడుతరు."

"ఆ సంచులు నాకు అమ్ము సేఠ్."

"ఏందీ?"

"చట్రం గూడ. నా ముక్కుపుల్ల ఉన్నది, తీసుకో. మా ఇంట్ల ఇంకా రెండు కడియాలున్నయి, పంపిస్త."

"అమ్మితే సాక్ష్యం ఏడుంటది? నీ మొగడు బయటపడేది వీటితోనే గద. నీకు సమజైతలేదా?"

"సమజైంది."

"మరి ఇట్ల మాట్లాడుతవేంది? పొద్దటి సంది కాళ్లు పట్టుకుంటివి. వచ్చిన కాడికెల్లి మా ఆయన గాదు, మా ఆయన గాదు అంటివి. ఇప్పుడు వస్త అంటున్న."

"రావద్దు."

"ఎందుకు రావద్దు? మంగళారం నీ మొగడు ఠాణాల ఉన్నడు, సైకిల్ ఈడున్నది. నువ్వే చెప్పినవు గద."

"నీకు యాది తప్పింది సేఠ్. వాడు ఐతారం రాత్రి వచ్చిండు. పెద్ద మీసాలోడు. నీ దుకాణం ముందర దిగిండు. సాయన్నను నా మొగడే చంపిండు."