మూత తీయని మూడు డబ్బాలు

నా ఈ వీడ్కోలు సభను నడిపిస్తూ, నా ప్రసంగం ఎంతసేపు సాగుతుందోనని ఇప్పటికే రెండుసార్లు గడియారం వైపు చూసిన సూపరింటెండెంటు గారికి, ఈ కడుపు జబ్బుల విభాగాన్ని ఒక్క గదితో మొదలుపెట్టిన పెద్దలకు, సిస్టర్లకు, ల్యాబ్ మిత్రులకు, వార్డు సిబ్బందికి, ముందు వరుసలో కూర్చుని "కాలర్ సరిచేసుకోండి" అని సైగ చేస్తున్న మా ఆవిడకు, అందరికీ నమస్కారం. (నవ్వులు)

ఇందాక మాట్లాడినవాళ్లంతా నన్ను ఆకాశానికెత్తేశారు. నాకు ఓపిక ఎక్కువన్నారు, రోగి చెప్పేది చివరిదాకా వింటానన్నారు. వింటుంటే ఇంకెవరి గురించో చెబుతున్నారేమో అనిపించింది. ఓపిక నాకు పుట్టుకతో రాలేదండీ, ఒకరు నేర్పితే వచ్చింది. నేర్పినావిడ ఇదే హాల్లో చివరి వరుసలో, తలుపు పక్కన, నేను పిలిస్తే పారిపోవడానికి వీలుగా కూర్చుంది. మందుల కౌంటర్ అక్కయ్యా, కూర్చోండి కూర్చోండి, మిమ్మల్ని వేదిక మీదికి పిలవను. (చప్పట్లు)

ఇరవై రెండేళ్ల కిందటి మాట. నా దగ్గరికి ఒక దర్జీ ఆవిడ వచ్చేది. పేగులో పుండ్లు, ఏళ్ల తరబడి ఉన్న జబ్బు. పేగు పాడైనవాళ్లకు తిన్నదాంట్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదు, పైగా పుండ్లలోంచి తెలియకుండానే రక్తం పోతూ ఉంటుంది. అలా ఆవిడ సున్నం గోడలా పాలిపోయింది. మిషను తొక్కుతూ తొక్కుతూ మధ్యలో ఆపి, బట్టల మీదే తల వాల్చేసేదట. తోడికోడలు చూసి పనిదొంగ అనేదట. రక్తం పన్నెండు ఉండాల్సింది ఎనిమిదికి పడిపోతే ఐరన్ మాత్రలు రాశాను. నెల తిరిగేసరికి ఏడున్నర. "మాత్ర వేసుకుంటే కడుపులో మెలిపెడుతోంది డాక్టరుగారూ" అంది. బయట నలభై మంది ఉన్నారు. "అన్నిటికీ సాకులు చెబితే నేనేం చెయ్యనమ్మా?" అన్నాను. ఆ ఒక్క మాటతో ఆవిడ నోరు కట్టేశాను. ఆ తర్వాత మాత్రలు వేసుకుంటున్నావా అని అడిగితే తల ఊపి ఊరుకునేది.

ఇంకో మూడు నెలలకి ఆరున్నర. ఆ రోజు వెళ్తూ వెళ్తూ తలుపు దగ్గర ఆగి, గొంతు తగ్గించి, "విరేచనం నల్లగా అవుతోందండీ" అంది. మా వృత్తిలో అందరికీ నాలుక చివర ఉండే జవాబే నా నోటా వచ్చింది. "ఐరన్ మాత్రలకి అంతేనమ్మా, భయపడకు" అన్నాను, చీటీ మీద నుంచి తల కూడా ఎత్తకుండా.

ఆవిడ గుడ్డపీలిక కూడా పారేయని మనిషి. కౌంటర్ దగ్గరికెళ్లి, సంచిలోంచి ఈ మూడు నెలల్లో ఇచ్చిన మాత్రల డబ్బాలు మూడూ తీసి, "అక్కా, ఇవి ఇంకెవరికైనా పనికొస్తాయేమో చూడు, నాకు పడవు" అందట. అంతటితో ఊరుకోక, "డాక్టరుగారేమో మాత్రల వల్లే నల్లగా అవుతోందంటారు, నేను వేసుకుంటేగా!" అని నవ్విందట.

అక్కయ్య నవ్వలేదు. కౌంటర్ వదిలేసి, వరుసను తోసుకుంటూ నా గదిలోకొచ్చి, ఆ మూడు డబ్బాలూ నా బల్ల మీద పెట్టింది. నేనేమన్నానో ఆవిడకీ గుర్తుంది, నాకూ గుర్తుంది. "మీ పని మీరు చూసుకోండి" అన్నాను. ఆవిడ కదల్లేదు. "నా పని ఇదేనండీ. వీటికి సీలు కూడా ఊడలేదు. మరి ఆ నలుపు ఎక్కడిది?" అంది.

మాత్రల వల్ల కాకపోతే అది రక్తమే. లోపల పుండు కారుతోంది. నేను ధైర్యం చెప్పి ఇంటికి పంపించేశాను.

లేచి పరుగెత్తాను. చెప్పు ఒకటి మెట్ల మీదే ఉండిపోయింది. మన వాచ్‌మన్ ఎక్కడో నిప్పంటుకుందనుకుని ఇసుక బకెట్‌తో నా వెనకే పడ్డాడు. (నవ్వులు) దర్జీ ఆవిడ అప్పటికే బస్సు మెట్టు మీద ఒక కాలు పెట్టింది. పిలుద్దామంటే ఊపిరి అందలేదు, చెయ్యి పట్టుకుని కిందికి దింపేశాను. బస్సులోవాళ్లు నా మీదికి రాబోయి, వెనక ఇసుక బకెట్ చూసి, వీళ్లకేదో అయిందని వెనక్కి తగ్గారు. (నవ్వులు)

ఆ సాయంత్రమే రక్తం ఎక్కించాం. కెమెరా గొట్టం వేసి చూస్తే కారుతున్న పుండు కనిపించింది. తర్వాత ఐరన్‌ని కడుపుతో పని లేకుండా నరంలోకే ఎక్కించాం. రెండు రోజులు ఆలస్యమైతే ఏమయ్యేదో ఇక్కడున్న డాక్టర్లకు చెప్పక్కర్లేదు. నెలన్నర తర్వాత ఆవిడ మూడో అంతస్తుకి ఎక్కడా ఆగకుండా మెట్లెక్కి వచ్చి, "డాక్టరుగారూ, నాది బద్ధకం కాదండీ" అని నా ఎదుట కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపులో నా వాటా ఎంతో నాకు తెలుసు.

మన దగ్గర రోగులు పాత డబ్బాలన్నీ వెంట తెచ్చుకోవాలి, మిగిలిన మాత్రలు చూసి ఎవరూ కసరకూడదు, ఎందుకు పడలేదో కనుక్కోవాలి. ఈ పద్ధతి నేను పెట్టానని ఇందాక పొగిడారు. పెట్టింది అక్కయ్య. పొగడ్తలన్నీ నా ఖాతాలో పడుతుంటే ఇన్నేళ్లూ నోరెత్తలేదు. అక్కయ్యా, మీరు లేకపోతే ఈ వేదిక ఎక్కే ముఖం నాకుండేది కాదు.

ఇదిగో, ఆ మూడింట్లో ఒకటి. నా సొరుగులోనే ఉంది. రేపటి నుంచి నా కుర్చీలో కూర్చునే డాక్టరమ్మా, ఇలా రా తల్లీ, ఇది నీది. గడువు ఎప్పుడో తీరిపోయింది, ఎవరికీ ఇచ్చెయ్యకు. (నవ్వులు) బయట వరుస పెరిగి నీకు విసుగొచ్చినప్పుడు ఒక్కసారి చేతిలోకి తీసుకో, చాలు.

నా ఒంటి మీది ఈ కోటు కుట్టింది ఆ దర్జీ ఆవిడే. మూడో వరుసలో కూర్చుంది. అమ్మా, ఇన్నేళ్లలో మీకు చీటీలు రాశాను, మీ చేత కోట్లు కుట్టించుకున్నాను, చెప్పాల్సిన మాట మాత్రం చెప్పలేదు. ఆ రోజు మీరు నిజం దాచింది మీ తప్పు కాదు. చెబితే వినేవాడు ఆ గదిలో లేడు. నన్ను క్షమించండి.

(మూడో వరుసలోంచి ఒక గొంతు: "అయినా ఆ మాత్రలు నాకిప్పటికీ పడవండీ డాక్టరుగారూ!" సభలో నవ్వులు, చప్పట్లు)

ఎందుకు పడవో ఇవాళ మొదటి నుంచీ చెప్పండమ్మా. ఆ కిటికీ పక్కన రెండు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, బయట నాకోసం ఎవరూ నిలబడి లేరు.

ఇన్నేళ్లు నన్ను భరించిన మీ అందరికీ చేతులెత్తి కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను. మూడో వరుసలోంచి ఆవిడ లేచి వస్తోంది, నేను దిగాలి. సెలవు.