ముడుచుకుపోయిన స్టేడియం
ఖతార్‌లో ఒక లేబర్ క్యాంప్ గది. ఉద్యోగం చాలించి ఊరికి పోతున్న మనిషి కోసం ఎయిర్‌పోర్ట్ బండి వాకిట్లో ఆగి ఉంది. అదే గదిలో ఉండే కుర్రాడు ఆయన అంగీ పట్టుకొచ్చాడు.

"అన్నా, నీ అంగీ ఇస్త్రీ చేసిన. జేబుల వరల్డ్ కప్‌కు అచ్చేసిన రియాళ్ల నోటున్నది చూస్కోలే."

"అది ప్లాస్టిక్ నోటు కదరా."

"అవునన్నా. వేడికి ముడుసుకపోయింది."

ఆయన సూట్‌కేసు మూయడం ఆపేశాడు.

"తిట్టన్నా."

"నాయిన స్టేడియం కట్టిండంటే మా బిడ్డ రాణిని బళ్లె ఎవ్వలూ నమ్మలేదట. నోటు మీది స్టేడియం బొమ్మ తెచ్చి చూపిస్తనన్న."

"బ్యాంకుకు ఉరికి మార్చుకొస్త."

"బండి ఆగదు. బొమ్మ ఏమన్న కనవడ్తుందా?"

"సగమే అన్నా. పైకప్పు మిగిలింది."

"రెండేండ్లు నేను పనిచేసింది ఆ కప్పు మీదనే. ఇటియ్యి, గదే చూపిస్త."