బంతి మడిలో వయ్యారిభామ

పెరటి గుమ్మంలో అడ్డంగా మామగారు. మడి దగ్గర నుంచి తట్టతో వస్తూ ఆగిపోయిన కోడలు.

"మరి ఆ తట్ట ఎందుకు వెనక్కి పెట్టుకున్నావు?"

"వెనక్కేం లేదు మామయ్యా. బరువుగా ఉందని పక్కకి పట్టుకున్నాను. మీరింత పొద్దున్నే లేచారేం?"

"నేనడిగింది చెప్పు. ఏం కొట్టావు?"

"కొట్టడమేమిటి?"

"మందు. గడ్డిమందు. వారం రోజులుగా వింటున్నాను. ఈ తలుపు కిర్రుమంటుంది, అరగంటకి మళ్ళీ కిర్రుమంటుంది. తరవాత నేను వెళ్ళి పట్టుకుంటే బంతి నారు వడిలి వేలాడుతుంటుంది. కింద నేలంతా తడి."

"నీళ్ళు పోశాను."

"సాయంత్రం నేను పోశాగా."

"చాల్లేదేమోనని..."

"నీళ్ళు పోస్తే మొక్క లేస్తుంది, పడుకోదు. ముప్ఫై నాలుగేళ్ళు మందుల షాపులో నిలబడ్డవాణ్ణి. ఏ మందు దేన్ని పడుకోబెడుతుందో నాకు చెప్తావా?"

"నేనేం చెప్పట్లేదు. కాస్త జరగండి మామయ్యా, పాలు పొయ్యి మీద పెట్టి వచ్చాను."

"పాలు నేను దించాను."

"స్టవ్వు కట్టేశారా?"

"కట్టేశాను. ఆ వయ్యారిభామ కలుపు పూసినప్పుడల్లా నీకు ఆయాసం. పోయినేడు రెండుసార్లు ఆసుపత్రిలో పడ్డావు. మీ ఆయన మందు కొట్టిద్దామన్నాడు, నువ్వూ ఊఁ అన్నావు. వద్దన్నదెవరు?"

"మీరే."

"ఎందుకు?"

"పక్కన బావి ఉందని."

"కదా. పూత రాకముందే వేళ్ళతో సహా పీకుదాం, రాళ్ళ సందుల్లో మొలిచినవాటికి ఉప్పునీళ్ళు పోద్దాం, ఖాళీ అయిన చోటల్లా బంతి నాటితే దానికి చోటుండదు, రెండేళ్ళు ఓపిక పట్టమ్మా అన్నాను. పట్టలేకపోయావు."

"పట్టాను మామయ్యా. ఎంత పట్టానో మీకు తెలీదు."

"అయితే తట్టలో ఏముంది?"

"కలుపు. వయ్యారిభామే."

"నిన్న సాయంత్రం వరసంతా పీకేశాను. ఒక్కటి మిగల్లేదు. నీకు తట్టెడు ఎక్కడ దొరికింది? పోనీ, మందు డబ్బా ఎక్కడ పెట్టావో చెప్పు. నేనేం కోప్పడను. మీ ఆయనతో కూడా అనను. కొట్టానని ఒక్క మాట అను, చాలు."

"కొట్టలేదు."

"కొట్టానని చెప్పమ్మా."

"చెయ్యని పని చేశానని ఎలా చెప్పను?"

"చెప్పు తల్లీ. తప్పేం లేదు. బావి నీళ్ళు నాలుగు రోజులు తోడి పారబోసుకుందాం."

"ఇదిగో. చూడండి. నా ఎడం చేతిలో ఒక మొక్క ఉంది, కుడి చేతిలో ఒకటుంది. ఏది బంతి?"

"ఏమిటీ పరీక్ష?"

"ముక్కు దగ్గర పెట్టుకోకండి. ఊరికే చూసి చెప్పండి."

"రెండు ఆకులూ ఒక్కలాగే ఉంటాయి, చీలికలు చీలికలుగా. ఎవరైనా పొరబడతారు."

"మొన్న మొన్నటిదాకా మీరు గుమ్మంలోంచే చెప్పేవారు."

"ఇంకా వెలుగు రాలేదు."

"వచ్చింది మామయ్యా. ఎండ మీ మొహం మీదే పడుతోంది."

"అయితే ఏమంటావు?"

"అనకుండా ఉందామనే వారం నుంచీ చూస్తున్నాను. సాయంత్రం మీరు గ్లౌజులేసుకుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని పీకుతున్నది బంతి నారు. వాసన తెలీదు, ఆకు చేతికి తెలీదు. వయ్యారిభామని ఉంచేసి, దానికి పాదు చేసి నీళ్ళు పోస్తున్నారు. పొద్దున్నే నేను దాన్ని పీకేసి, మీరు గట్టున పారేసినవి ఏరి మళ్ళీ నాటుతున్నాను. రాత్రంతా బయట పడున్న నారు వడలక ఏం చేస్తుంది?"

"నువ్వు పీకుతున్నావా? ఆ ఆయాసం పెట్టుకుని?"

"పూత రాలేదుగా. నాకేం కాలేదు."

"మొదటి రోజే చెప్పొచ్చుగా."

"ఏ మొహం పెట్టుకుని చెప్పను? నాకోసమేగా నడుం వంచారు. మొక్కలయితే ఇంకో వారం, ఇంకో నెల నాటేదాన్నే. కానీ ఇంకో గంటలో మీరు క్యారేజీ పట్టుకుని షాపుకి వెళ్తారు. ఒకరి మాత్రలు ఇంకొకరి చేతిలో పెడితే? ఇవాళ మిమ్మల్ని వెళ్ళనివ్వను మామయ్యా. ఏమన్నా అనుకోండి."

"షాపుకి వెళ్ళి ఇరవై రోజులయిందమ్మా."

"అదేమిటి? రోజూ క్యారేజీ..."

"ఒకావిడ మాత్రలు వెనక్కి తెచ్చి, ఇవి నావి కావు బాబూ అంది. ఆవిడ చూసుకుంది గనక సరిపోయింది. ఆ సాయంత్రమే తాళాలు యజమానికి ఇచ్చేశాను."

"మరి రోజూ ఎక్కడికి వెళ్తున్నారు?"

"కంటి ఆసుపత్రికి. ఒకచోట చెప్పింది నచ్చక ఇంకోచోటికి. కంటి నరం ఎండిపోతోందట. పోయిన చూపు రాదన్నారు. అందరూ అదే అన్నారు. నేను నమ్మలేదు. షాపులో ఏదో పరాకు, మొక్కల దగ్గర పొరబడనులే అనుకున్నాను. వారం నుంచీ ఆ నారు వడిలిపోతుంటే, ఇదీ నా కళ్ళు చేసిన పొరపాటేనేమోనని భయం."

"అయ్యో, మరి నన్నెందుకండీ అన్నిసార్లు కొట్టానని చెప్పమన్నారు?"

"నువ్వు మందు కొట్టి ఉంటే, నా కళ్ళింకా ఉన్నట్టే కదమ్మా."