రెండూ ఎడమ చేతులే

బట్టల కార్ఖానాలో మధ్యాహ్నం భోజనాల వేళ. మిషన్ మీద కుట్టే ఇద్దరు ఆడవాళ్లు కటింగ్ బల్ల పక్కన కూర్చున్నారు. చిన్నామెకు కాసేపట్లో కటింగ్ మాస్టర్ పరీక్ష.

"మూడోసారి కూడా తప్పితే మిషన్లు కూడా నన్ను చూసి నవ్వుతాయక్కా."

"పోయినసారి చొక్కాకి రెండూ ఎడమ చేతులే కత్తిరించావు. నవ్వరూ మరి?"

"కంగారులో నమూనా కాగితం తిరగేయడం మర్చిపోయాను."

"అందుకేగా గుడ్డను మంచివైపు లోపలికి మడిచి, రెండు పొరలూ కలిపి కత్తిరించమన్నాను. అప్పుడు ఒకటి ఎడమ, ఒకటి కుడి, వాటంతటవే వస్తాయి."

"నెల్లాళ్లుగా పాత దుప్పట్ల మీద అదే చేస్తున్నాను. కప్పుకోవడానికి ఒక్కటీ మిగల్లేదని అమ్మ తిడుతోంది."

"తిట్టనీ, చెయ్యి కుదిరిందిగా."

"ఈసారి పరీక్షలో నేను కత్తిరించింది కుట్టడానికి తోడు మనిషి కావాలటక్కా. చొక్కా చెడితే ఆ మనిషికీ చెడ్డపేరే. నాతో ఎవరొస్తారు?"

"పొద్దున్నే నా పేరు రాసిచ్చాను."

"నీకెందుకక్కా ఈ తలనొప్పి?"

"కొలతల చీటీ చదవడం రాక నేను తెల్లమొహం వేస్తే, ఏడాదిపాటు పక్కన కూర్చుని నేర్పిందెవరే?"

"నేను పాసైతే నీ పక్క మిషన్ ఖాళీ అవుతుంది."

"అవనీ. నువ్వు కత్తిరించినవి నా దగ్గరికేగా వచ్చేది! అదిగో, పిలుస్తున్నారు."

"మళ్లీ రెండూ ఎడమ చేతులే వస్తే?"

"ఇంకో గుడ్డలో రెండూ కుడి చేతులు కత్తిరించు. రెండు చొక్కాలూ కుట్టేస్తాను."

"నవ్వించకక్కా, చెయ్యి కదులుతుంది. ఆ గుడ్డ ఇలా ఇవ్వు, మంచివైపు లోపలికి మడవాలి."