పసుపు నీళ్ల చెంబు

మల్కయ్యకు నలభై గొర్లు, ఒక్క పొట్టేలు, ఒక్క పెండ్లాం. గొర్లు కాసే మా కుర్మోళ్లల్ల గంత బలిసిన పొట్టేలు ఎవ్వలకు లేకుండెనంట. దాన్ని చూసి చూసి ఈయనకు బుద్ధి తిరిగింది అనుకో. "ఏమే కనకవ్వా, పొట్టేలు ఒక్కటే, గొర్లు నలభై. ఒక్కటన్న అలిగిందా? దేవుడు పుట్టిచ్చిన తీరు గది. ఒక్కనికి ఒక్కతే అనేది పెద్దమనుషులు పెట్టిన కట్టుబాటు. బీరప్ప పండుగ ఎల్లంగనె ఇంకొకదాన్ని తెచ్చుకుంట" అన్నడంట. కనకవ్వ సంకల ఏడాది పిల్ల. ఇంకొకతి వస్తె ఈమెకు, పిల్లకు ఇంట్ల జాగ ఏడిది? ఏడ్వాలె మరి. ఏడ్వలే! కనకవ్వనా ఏడ్సేది? "మంచిది, రేపటి సంది నువ్వు పొట్టేలు లెక్కనే ఉండు" అన్నదంట.

తెల్లారి తాగెతందుకు గటుక అడిగితె ఏమైందంటే, గడ్డిమోపు ముందలేసింది. ముసురు వట్టింది, గొంగడి అడిగిండు. "పొట్టేలుకు గొంగడెందుకయ్యా, ఉన్ని నీ ఒంటిమీదనె మొలుస్తది" అన్నది. పిల్లను ఎత్తుకోబోతె గుంజుకున్నది. "గొర్రెపిల్ల పుట్టిన గడియకే లేచి నిలబడ్తది, దానికి అయ్యతోని పనిలేదు. నా పిల్ల ఏడాదైనా గోడ పట్టుకునే నడుస్తది, దీనికి అయ్య గావాలె. పొట్టేలు చేతికి ఎట్ల ఇయ్యాలె?" అన్నది. అయినా మొగోని పంతం ఊకె పోతదా? మూడొద్దులు వానల నానిండు.

పండుగ రానే వచ్చింది. మన దగ్గర ఎట్లనో ఎరికే గదా, పొట్టేలు మీద పసుపు నీళ్లు చల్లుతరు, అది ఒళ్లు దులిపితె దేవుడు ఒప్పుకున్నట్టు, ఇగ కత్తి లేస్తది. కనకవ్వ ఏం జేసిందంటే, ఊరోళ్లందరి ముంగట పొట్టేలును పక్కకు జరిపి, మొగనికి బొట్టువెట్టి, మెడకు ఏపమండ కట్టి, చెంబెడు పసుపు నీళ్లు నెత్తిన కుమ్మరిచ్చింది. నానినోడాయె, చలికి గజగజ వణికి ఒళ్లంత దులిపిండు! "దేవుడు ఒప్పుకున్నడు!" అని డోలు కొట్టిరి. కత్తి పట్టినాయన నవ్వుకుంట లేచిండంట. "నేను పొట్టేలును గాదే, మనిషిని!" అని మొత్తుకున్నడు. "మనిషివైతె ఇంటికి నడువు" అని గొంగడి కప్పి, పిల్లను ఆయన సంకకెక్కిచ్చింది.

ఒక్కనికి ఒక్కతే అనేది నెత్తుట్ల ఉన్నదా, నేర్సుకున్నదా అంటె నాకేమెరుక బిడ్డా. కనకవ్వ మా తాతమ్మకు తాతమ్మ. అప్పటి సంది మా ఇంట్ల రెండో పెండ్లి మాట ఎవ్వడు ఎత్తలే, ఏ ఊర్లనన్న అడుగు. ఇప్పటికి మా ఇంట్ల పుట్టిన ఆడపిల్ల అత్తగారింటికి పోతె, సారెల ముందుగాల పెట్టేది గసొంటి చెంబే. నెత్తుట్ల ఉంటె మంచిదే. లేకుంటె చెంబున్నది.